పక్కవాడి నిప్పు దగ్గర

ఉప్పు ముందే చల్లాలా, తిప్పాక చల్లాలా అని ముగ్గురు మగవాళ్లు మధ్యాహ్నమంతా వాదించుకుంటుంటే నాకు తల పగిలిపోయింది. పేరుకు స్నేహపూర్వక పోటీ. అర్జెంటీనాలోని మా ఊళ్లో రైలు పట్టాలకు ఇటు మా క్లబ్బు, అటు ఫెర్మిన్ వాళ్ల క్లబ్బు. ఏటా చలికాలంలో చెరో వైపు నుంచి ఒకడు నిప్పుల మీద స్టేక్, అంటే మందపాటి గొడ్డుమాంసం ముక్కలు, కాల్చి అందరికీ విందు పెడతాడు. గెలిచినవాడికి దక్కేది ఓడినవాణ్ని ఏడాదంతా ఎగతాళి చేసే హక్కు, అంతే. మా వైపు నుంచి ఎప్పుడూ మా అన్నయ్య ఎవారిస్తో, అటు నుంచి ఫెర్మిన్. ఇన్నేళ్లలో నియమం అంటూ ఒక్కటి రాసుకోలేదు. ఈసారి తీర్పు చెప్పడానికి పశువుల డాక్టరు లిసాంద్రోని పిలిచారు. కుర్రాడు. కాగితం, కలం లేనిదే ముద్ద కూడా మింగడు.

నేను క్లబ్బు వంటింట్లో మాతే ఆకు తేనీరు కాచి, సొరబుర్రలో పోసి, ఒకరి తర్వాత ఒకరికి అందిస్తున్నాను. చెవులు వాళ్ల మాటల మీద ఉన్నాయి కానీ కళ్లు మాత్రం అన్నయ్య చేతుల మీదే. అన్నయ్యకు చూపు పోతోంది. ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు. ఎవరికైనా చెప్పావో, ఈ జన్మలో నీతో మాట్లాడనన్నాడు. బయటపడితే మర్నాడే పొయ్యి దగ్గరికి ఇంకొకణ్ని పంపుతారు. వదిన పోయాక వారమంతా కుర్చీలో కూలబడి ఉండే మనిషి, ఆదివారం క్లబ్బు పొయ్యి దగ్గర మాత్రం నిటారుగా నిలబడతాడు. అదీ లాగేసుకుంటే ఇక మనిషి మనకు దక్కడని నా భయం.

"మాంసం లోపలి వేడి చూడ్డానికి థర్మామీటరు," అని చదివాడు లిసాంద్రో.

"జ్వరమొచ్చిన ఆవుకు పెట్టుకో," అన్నాడు ఫెర్మిన్. "నిప్పుల మీద చెయ్యి పెట్టి చూడాలి, మాంసాన్ని వేలితో నొక్కి చూడాలి. అంతకుమించి ఏమీ వద్దు."

"సరే. రూపానికి పది మార్కులు. రంగు, గీతలు, పళ్లెంలో పెట్టే తీరు."

"కొట్టెయ్."

"ఎవరైనా ముందు చూసేది రూపమే కదండీ?"

"ఇదేమన్నా పెళ్లిచూపులా? తినేదానికి రూపంతో పనేంటి? కొట్టెయ్. ఇదిగో, ఇది రాసుకో. ముక్కలన్నీ ఒకే మందం ఉండాలి, మాంసం కొట్టువాడే కోసివ్వాలి. పొయ్యి చుట్టూ తాడు కట్టాలి, పిల్లలు కాళ్లకు అడ్డం పడకుండా."

నాకు ఒళ్లు మండింది. "నీ స్టేక్ ఎప్పుడూ బొగ్గు ముక్కలాగే ఉంటుంది కాబట్టి రూపానికి మార్కులొద్దంటున్నావు. సిగ్గులేదూ?"

"ఎప్పుడుందని చెల్లెమ్మా," అన్నాడు, నా వైపు చూడకుండా.

అన్నయ్య వంతు వచ్చింది. మాతే అందించాను. అన్నయ్య చెయ్యి చాచాడు. ఆ చెయ్యి బుర్ర పక్కనుంచి గాల్లోకి వెళ్లిపోయింది. లిసాంద్రోతో మాట్లాడుతున్న ఫెర్మిన్ తల కూడా తిప్పలేదు. నా చేతిలోంచి బుర్ర తీసి అన్నయ్య అరచేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూశాడు. మాట ఆపకుండానే ఆ పని చేశాడు. అప్పుడు వెలిగింది నాకు, థర్మామీటరు, రూపం ఎందుకు వద్దన్నాడో, తాడు ఎవరి కోసం కట్టమన్నాడో. ఇందాక అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

అన్నయ్య మాతే తాగలేదు. "ఎప్పట్నుంచి తెలుసురా నీకు?" అన్నాడు.

"ఏం తెలిసేది?"

"నాటకాలొద్దు."

ఫెర్మిన్ కాసేపు టోపీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. "మే నెలలో మీ క్లబ్బు విందులో ఒకే వైపు రెండుసార్లు ఉప్పేశావు."

"ఎవరూ ఏమీ అనలేదే."

"ఆ ముక్కలు నేనే తిన్నాను. తెల్లారేదాకా నీళ్లు తాగుతూనే ఉన్నాను."

అన్నయ్య నవ్వాడు. నవ్వుతూనే మొహం మారిపోయింది. "నా కొలతకు కత్తిరించిన పోటీ నాకొద్దు. డాక్టరూ, కొట్టేసినవన్నీ మళ్లీ రాయి. నాకు కళ్లు సరిగ్గా కనబడవు. అదీ రాయి."

లిసాంద్రో కలం కదల్లేదు. "పోనీ మీ పక్కన ఎవరైనా ఒకరు..."

"నేనుంటాను," అన్నాను.

"నువ్వొద్దు నేలిదా. నా మనసు కష్టపెట్టలేక అబద్ధం చెబుతావు. ఈ ఫెర్మిన్ చెబుతాడు."

అర్జెంటీనా మైదానాల్లో పుట్టిన ఏ మగవాడూ పక్కవాడి నిప్పు దగ్గర నోరు విప్పడు. అలా ఒక్క సలహా ఇచ్చిన పాపానికి వియ్యంకులే మాటలు మానుకున్న ఊరు మాది. అలాంటిది అన్నయ్య నోరు తెరిచి అడుగుతున్నాడు.

"ఆయన మీ మీద పోటీ చేసేవాడు కదండీ," అన్నాడు లిసాంద్రో.

"అందుకే. ఎక్కడ ఎరుపో ఎక్కడ బూడిదో ఉన్నదున్నట్టు చెప్పురా. ఇక మానెయ్యాల్సిన రోజొస్తే, అదీ నువ్వే చెప్పు. ఇంకెవరు చెప్పినా వినను."

ఫెర్మిన్ టోపీ తలమీద పెట్టుకున్నాడు. చివరికి "చెబుతాను," అన్నాడు. లిసాంద్రో దాన్నే మొదటి నియమంగా రాశాడు.

పోటీ రోజు గాలి విపరీతంగా ఉంది. రెండు పొయ్యిలూ పక్కపక్కనే పెట్టారు. ఫెర్మిన్ తన మాంసం తిప్పుకుంటూనే గొంతు తగ్గించి చెబుతున్నాడు. "ఎడమవైపు బూడిద పట్టింది. కుడివైపు బాగుంది, అక్కడ పెట్టు." ఒకసారి తన పొయ్యి వదిలేసి ఒక్క ఉదుటున వచ్చి, "జరుగు, పొగ," అంటూ అన్నయ్య చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఈలోగా అతని స్టేక్ ఎప్పటిలాగే మాడింది. ఈసారి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

లిసాంద్రో రెండూ తిని, గెలిచింది ఎవారిస్తో అన్నాడు. ఎవరో ఆనవాయితీ ప్రకారం "కాల్చినవాడికి చప్పట్లు," అని కేకేశారు. రెండు క్లబ్బులవాళ్లూ లేచి నిలబడి కొట్టారు. అన్నయ్య మొహం ఆ చప్పుడు వైపు తిరిగింది. వదిన పోయాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. వచ్చే ఏడూ ఉంటాడు, ఆ పైయేడూ ఉంటాడు అనుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఫెర్మిన్ వచ్చి అన్నయ్య చెవి దగ్గర వంగాడు. "ఇక చాలురా," అన్నాడు.

నా రక్తం మరిగింది. గెలిచిన రోజునా చెప్పేది? ఓడిపోయిన ఉక్రోషం అనుకుని తిట్టబోయాను. ఫెర్మిన్ ఏమీ అనకుండా అన్నయ్య కుడిచెయ్యి ఎత్తి నాకు చూపించాడు. వదులుగా వేలాడే చొక్కా చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దగ్గరి దాకా కాలిపోయి ఉంది. ఇందాక లాగింది పొగ నుంచి కాదు. చొక్కాకు అంటుకున్న మంటను ఫెర్మిన్ తన చేత్తోనే ఆర్పేశాడు.

అన్నయ్య రెండో చేత్తో ఆ నల్లబడ్డ గుడ్డ తడుముకున్నాడు. అది వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది.

"మాడిన వాసన వచ్చిందిరా," అన్నాడు మెల్లగా. "నీ స్టేక్ అనుకున్నాను."

పటకారు ఫెర్మిన్ చేతిలో పెట్టి, నడుం వెనక్కి చేతులు పోనిచ్చి ఏప్రన్ ముడి విప్పుకున్నాడు. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.