పిల్ల చేతి గడియారం, క్వాంగ్ అవ్వ గిన్నె

సాయంత్రం ఆరింటికి క్వాంగ్ అవ్వ అన్నం గిన్నెతో గుమ్మంలో నిలబడి, తినే పుల్లలతో గిన్నె అంచు మీద మూడుసార్లు కొట్టి పిలుస్తుంది. ఇంకే ఇంట్లోనైనా పిల్లలు అలా గిన్నె మోగిస్తే దరిద్రమని వీపు పగలగొడతారు. అవ్వకి అది పని. ఆవిడ ముద్దుపేరు పెట్టి పిలిస్తే ఎక్కడున్నవాళ్ల కాళ్లయినా ఇంటివైపు తిరుగుతాయి. మా సందులో తల్లులంతా తమ పిల్లల పేర్లు అవ్వకి చెప్పేసి పొయ్యి మీద మూకుడు పెట్టుకుంటారు. దిష్టి తగలకూడదని పెట్టిన పేర్లు కదా, వినడానికి రోతగా ఉంటాయి. పేడముద్ద, చీమిడిముక్కు, అలాంటివి.

అవ్వ కూతురు యూజెన్‌కి ఇదంతా నామోషీ. బస్టాండు దగ్గర నూడుల్స్ కొట్టు నడుపుకునే మనిషి, ఆరేళ్ల కూతురు మంతింగ్ చేతికి గడియారం కట్టింది. పిల్ల ఎక్కడుంటే అక్కడ ఫోనులో చుక్క కనిపిస్తుంది.

"విప్పెయ్ దాన్ని. అది పిల్లా, దొంగగొడ్డా?" అంది అవ్వ.

"పిల్లల్ని ఎత్తుకుపోయే రోజులమ్మా ఇవి. కనీసం ఎక్కడుందో తెలుస్తుంది."

"ఎవరికి?"

"నీతో మాట్లాడ్డం నాదే బుద్ధితక్కువ," అని యూజెన్ తన గిన్నె తీసుకుని అవతలి గదిలోకి పోయింది.

ఎవరికి తెలుస్తుందో ఆమె ఏనాడూ చూసుకోలేదు. గడియారం కొన్న రోజున దాన్ని తన ఫోనుతో కలిపింది మొగుడు బోవెన్. మొదట ఎవరి ఫోనుతో కలిపితే పెత్తనం వాళ్లది. విడాకులప్పుడు పిల్ల తల్లికి దక్కింది. మూకుళ్లూ దుప్పట్లూ కూడా పంచుకున్నారు, గడియారం పెత్తనం మాత్రం యూజెన్‌కి గుర్తు రాలేదు. అతనికి గుర్తుంది.

మార్చిలో ఓ మంగళవారం పంటినొప్పితో అవ్వ బడి గేటు దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. ఆ పది నిమిషాల్లో పిల్ల చేతి గడియారం ఫోనులా మోగింది.

"అమ్మమ్మ వచ్చిందా తల్లీ?"

"ఇంకా రాలేదు నాన్నా."

బోవెన్ కారు మలుపులోనే ఉంది. యూజెన్ ఫోను తెరిచేసరికి చుక్క లేదు. 'ఈ గడియారాన్ని చూడటానికి మీకు అనుమతి లేదు' అని ఉంది.

ఠాణాలో కన్నతండ్రి తీసుకెళ్తే ఎత్తుకుపోవడం ఎలా అవుతుందన్నారు. మా సందు చివర ఉండే బోవెన్ తల్లి వెల్లుల్లి ఒలుస్తూ నవ్వింది. "మా పిల్ల మా వాడితో గ్వాంగ్‌జౌలో ఉంది. ఏడవడానికి ఏముంది ఇందులో?" అంది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యూజెన్ తల్లి కాళ్ల దగ్గర కూలబడింది. "అమ్మా, పిల్లని పిలువు."

"ఐదొందల కిలోమీటర్లు కదే. నేను పిలిస్తే నడుస్తూనే ఉంటుంది, ఆగదు. ఆరేళ్ల పిల్ల, లారీల మధ్య ఒంటరిగా."

"మరి నా బిడ్డ నాకు రాదా?"

ఆరయ్యాక అవ్వ గిన్నె తీసుకుని బోవెన్ తల్లి గుమ్మం ముందుకెళ్లి నిలబడింది. బోవెన్ చిన్నప్పుడు వాణ్ణీ రోజూ పిలిచింది ఆవిడే. మూడుసార్లు కొట్టి, సందంతా వినేలా పిలిచింది.

"ఒరే కుక్కెంగిలీ, పిల్లనెత్తుకుని ఇంటికి రారా."

బోవెన్ తల్లి చేతిలో వెల్లుల్లి జారిపోయింది. "పెళ్లయిన మగాణ్ణి వీధిలో ఆ పేరెట్టి పిలుస్తావా? వాడింక తలెత్తుకు తిరగాలా, వద్దా?"

"తలతో నాకేం పని? కాళ్లు చాలు."

పదకొండో రోజున బోవెన్ నడిచి వచ్చాడు. రైలు మెట్లెక్కబోతే కాళ్లు ఎక్కలేదట, కారులో కూర్చుంటే నిలవనివ్వలేదట. భుజాల మీద పిల్ల, చిరిగిన బూట్లు, చేతిలో ఫోను. చుక్క మా సందువైపే కదలడం దారి పొడుగునా చూస్తూనే ఉన్నాడు, ఆపలేకపోయాడు. యూజెన్ ముందు పిల్లని లాక్కుంది, తర్వాత అతని చెంప పగలగొట్టింది, ఆ తర్వాత ఫోను గుంజుకుని పెత్తనం తన పేరుకి మార్పించుకుంది. పిలిచి రప్పించినవాళ్లకి గిన్నెలో అన్నం పెట్టి తీరాలి కాబట్టి అవ్వ పెట్టింది. అతను ఏడుస్తూ తిన్నాడు. మాలో ఎవరికీ జాలి కలగలేదు.

మర్నాడు కూడా అవ్వ కుక్కెంగిలిని పిలిచింది. ఆ మర్నాడూ పిలిచింది. బోవెన్ గ్వాంగ్‌జౌ ఉద్యోగం పోయింది. ఇప్పుడు గ్యాస్ బండలు మోస్తాడు. ఎంత దూరం వెళ్లినా ఆరింటికి కాళ్లు తిరిగిపోతాయి. వచ్చి, గుమ్మం బయట కూర్చుని తిని, కూతుర్ని చూసి పోతాడు.

ఎండాకాలం వచ్చేసరికి యూజెన్‌కే విసుగొచ్చింది. "చాలమ్మా, వదిలెయ్. ఎక్కడికైనా పోనీ."

"నన్నెందుకడుగుతావ్? ఎత్తుకుపోయింది దాన్ని. దాన్నడుగు."

మంతింగ్ లెక్కలు రాసుకుంటోంది. "నాన్నని పిలవడం ఆపమందామా?" అని అడిగింది యూజెన్. గడియారం విప్పేసిన మణికట్టు వీపు వెనక దాచుకుని, మళ్లీ కడతారేమోనని తల్లి చేతుల వంక చూసింది. ఏమీ లేదని తేలాక గుమ్మంలో తండ్రి పాదాలకున్న కట్లు చూసింది. ఇన్నాళ్లలో ఆ పిల్లని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు.

"రేపు చెప్తా," అంది.

మర్నాడు అడిగినా అదే మాట అంది.