నానబెట్టిన మోకు

తడిసిన నార వాసన.

తెల్లవారకముందే వాకిలంతా అదే వాసన. కోడి కూయగానే పోలమ్మ లేచి, గోడకొయ్యకు వేలాడే మోకును రాతి తొట్టిలో వేస్తుంది. ఎండిన నార కాసేపు నానాలి. నానిన మోకే కల్లు గీతగాడి నడుమునూ తాడిచెట్టునూ కలిపి గట్టిగా పట్టుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఆమె రోజు అట్లాగే మొదలవుతోంది.

మొగుడి ముఖం కన్నా ముందు మోకు ముఖం చూసే మనిషి, పోలమ్మ.

ఆ మోకులన్నీ ఆమె పేనినవే. తాటిమట్టలు చితక్కొట్టి, నార తీసి, తొడ మీద పేని... మొగుడు మాల్యాద్రి నడుము ఎంతో ఆమె మూరకు తెలుసు.

నార మోకు నమ్మకమైంది. కానీ కరుస్తుంది.

గుండ్లకమ్మ ఒడ్డు తోపులో మాల్యాద్రి గీసే, సర్కారు నెంబరు వేసిన చెట్లు పన్నెండు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాలి. గెల దగ్గర వెనక్కి వాలితే ఒంటి బరువంతా ఆ తాడు మీదే. నడుముకు రెండు పక్కలా పుండ్లు పడ్డాయి. పాత పంచె మడతపెట్టి కట్టుకున్నాడు — మడత జారిపోయింది. ఆమె ఆముదం రాసింది. పుండు మానేలోపు మళ్లీ చెట్టెక్కాలి.

మార్కాపురం సంతలో ఎవరి దగ్గరో తోలు మోకు చూసి వచ్చాడు మాల్యాద్రి.

"జానెడు వెడల్పు పట్టా, పోలీ. చెట్టు మీద మంచమేసుకొని కూచున్నట్టే ఉంది."

పోలమ్మకు కోపం వచ్చింది. పేని పేని కాయలు కాచిన చేతుల కోపం అది. ఆ సాయంత్రం పుండు కడుగుతుంటే అతను పళ్లు బిగబట్టాడు. ఇంక ఆమె కోపం నిలవలేదు.

చెప్పులు కుట్టే ఏబేలు ఎనుము తోలుతో మోకు కుట్టాడు. నడుము తగిలే చోట వెడల్పు, చెట్టును చుట్టే చోట సన్నం, లోపల మెత్తటి పొర.

"నీళ్లు తగలనీయొద్దు మామా. నార తడిస్తే బిగుస్తది, తోలు తడిస్తే సాగుతది. ఇన్నావా అత్తా?"

"ఇన్నాలే నాయనా" అంది పోలమ్మ.

నాలుగు రోజులు గడిచాయి.

నార మోకు అడుగడుగుకూ కిర్రుమనేది. పోగు తెగబోతే ముందే గుచ్చి చెప్పేది. తోలు మోకు ఏమీ చెప్పదు. మెత్తగా ఉంటుంది, అంతే. పుండ్ల అంచులు ఎండాయి. ఎన్నాళ్లకో మాల్యాద్రి వెల్లకిలా పడుకున్నాడు. అది చూసి పోలమ్మ కళ్లు తుడుచుకుంది. తోలే గెలిచింది... గెలవనీ అనుకుంది.

అయిదో రోజు.

కోడి కూసింది. పోలమ్మ లేచింది. నిద్రకళ్లతో కొయ్య మీది మోకు తీసి తొట్టిలో వేసింది. వాకిలి ఊడ్చింది. మోకు తీసి, దులిపి, కొయ్యకు తగిలించింది.

ఏబేలు మాట చెవులు విన్నాయి. చేతులు వినలేదు.

మాల్యాద్రి కత్తి, కల్లు లొట్లు, మోకు తీసుకుని వెళ్లిపోయాడు. తెల్లగా తెల్లవారింది. గొడ్డుకు నీళ్లు పెడదామని ఆమె తొట్టిలో చెంబు ముంచింది.

నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

తోలును పదును చేసేటప్పుడు పట్టించిన తంగేడు చెక్క రంగు అది.

చెంబు ఎక్కడ పడిందో తెలియదు. కొంగు ఎక్కడ జారిందో తెలియదు. ఇసుకలో పడుతూ లేస్తూ తోపుకు పరుగెత్తింది.

నాలుగో చెట్టు మీద ఉన్నాడు మాల్యాద్రి. గెల దగ్గర, కత్తి చేతిలో పట్టుకుని.

చెట్టు మీది మనిషిని కింది నుంచి పిలవకూడదు. గీతగాళ్ల ఇళ్లల్లో పసిపిల్లలకూ తెలుసు. ఉలిక్కిపడితే పట్టు తప్పుతుంది. పిలవకపోతే — ఇప్పుడే వెనక్కి వాలతాడు.

పోలమ్మ పిలిచింది.

"ఏమయ్యా... వాలొద్దు. చెట్టును కావలించుకో. మోకు తడిసింది. నేనే తడిపినా!"

కత్తి ఆగింది. మెల్లగా రెండు చేతులూ చెట్టును చుట్టుకున్నాయి.

"తెలుసులే పోలీ. కట్టుకునేటప్పుడే తడి తగిలింది."

"తెలిసి ఎట్ల ఎక్కినావయ్యా?"

"నువ్వు తడిపినావు గదా... ఏదో మంచికే తడిపుంటావనుకున్నా."

తిట్టి ఉంటే బాగుండేది.

గాలికి తడి తోలు వాసన కింది దాకా వచ్చింది.

చెట్టు అవతలి వైపు మోకు అతనికి కనబడదు. ఆమెకు కనబడుతోంది. పోలమ్మ చెట్టు చుట్టూ తిరిగి అక్కడ నిలబడింది. సాగిన తోలు... కుట్టు దగ్గర విచ్చుకుంటున్న సందు. ఇంకా పాతిక మూరల చెట్టు ఉంది.

"దిగు" అంది. అతను దిగాడు.

"ఆగు" అంది. ఆగాడు.

ఎందుకని అడగలేదు. కిందికి చూడలేదు.

సందు ఇంకాస్త పెద్దదైంది.

"దిగు" అంది పోలమ్మ, సందు మీంచి చూపు తిప్పకుండా.