ఆయన ఎముకలు

పొద్దున్నే మా ఆయన యూరిన్ పాట్ పారబోసి, కడిగి, మంచం పక్కన పెట్టాను. "ఇంకాస్త దగ్గరికి జరుపు. చెయ్యి చాచాలంటే నొప్పి," అన్నాడు. దెబ్బ తగిలింది కాలికి, చేతికి కాదు.

మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకుని అప్పటికి ఏడు వారాలు. ఆపరేషన్ అయిన మూడో రోజే కర్ర పట్టుకుని నడవమన్నాడు డాక్టరు. ఈయన వినలేదు. మంచం మరిగాడు. నాతో ఒక్క మాటైనా అనకుండా మా డైరెక్టరుకి ఫోన్ చేసి నా సెలవు కూడా తనే పెట్టేశాడు. "ఎలుగుబంట్లకి చేస్తావు, మొగుడికి చెయ్యలేవా?" అంది ముందుగదిలోంచి అత్తయ్య.

నేను జంతువుల పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్‌ని. పదహారేళ్ళుగా ప్రతి చలికాలం గుహల్లాంటి గదుల్లోకి పాక్కుంటూ వెళ్ళి, నిద్రపోతున్న మంచుకొండల ఎలుగుబంట్ల రక్తం తీస్తాను, కాళ్ళకి ఎక్స్‌రే తీస్తాను. ఇంటికొస్తే కంపు కొడుతున్నావని ఆయన నన్ను ముందు బాత్రూంలోకి తోలేవాడు. చుట్టాలొస్తే "ఇదిగో, మా ఎలుగుబంటి" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వి కాఫీలు తెచ్చేదాన్ని. ఆ జంతువు ఏం చేస్తుందో వాళ్ళలో ఒక్కరైనా అడిగి ఉంటే చెప్పేదాన్ని. తిండీ నీళ్ళూ లేకుండా, ఒంటేలుకి కూడా లేవకుండా ఐదు నెలలు పడుకుంటుంది. ఆడదైతే ఆ గుహలోనే పిల్లల్ని కని, పాలు ఇస్తుంది. అయినా ఎండలొచ్చాక లేచి నడిచేసరికి దాని ఎముక నిరుటంత గట్టిగానూ ఉంటుంది. ఎముకలోంచి కరిగిన కాల్షియాన్ని బయటికి పోనివ్వదు, మళ్ళీ ఎముకకే చేర్చుకుంటుంది. మనిషికి ఆ విద్య రాదు. కదలకుండా పడుకున్న మనిషి ఎముక కొంచెం కొంచెంగా కరిగి మూత్రంలో పోతుంది. రోజూ నేను పారబోస్తున్నది ఆయన ఎముకల్నే.

ఇదంతా ఆయనకి చెప్పాను. మొదటి నెలంతా బతిమాలాను. చంకల కింద చేతులేసి లేపబోతే మోచేత్తో పొడిచాడు, నా పెదవి చిట్లింది. నాకు గర్భసంచి తీసిన మూడో రోజున "పడుకుంటే ఒళ్ళు మొద్దుబారుతుంది, లే" అని వంటింట్లోకి పంపిన మనిషి.

ఎనిమిదో వారం ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, ఇవాళైనా నాలుగడుగులు వేద్దాం సార్ అంది. ఆయన గోడవైపు తిరిగాడు.

"దీన్ని పంపించెయ్. నేను చెప్పినట్టు చెయ్యడమే నీ పని."

అప్పటిదాకా ప్రతిసారీ ఆ అమ్మాయి తరఫున వాదించేదాన్ని. ఆ రోజు గుమ్మం దాకా తీసుకెళ్ళి, "ఆయనకి ఇష్టం లేదమ్మా. ఇక రావద్దు," అన్నాను. నా పెదవి మీద మచ్చ చూసి, ఆ అమ్మాయి చెప్పులేసుకుంది. నాకు కోపం కూడా లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.

అప్పట్నుంచి ఆయన మాట జవదాటలేదు. అన్నీ చేతికందించాను. కళ్ళలో ఎండ పడుతోందంటే కర్టెన్లు వేసి ఉంచాను. పాలు వద్దంటే మానేశాను. పుండ్లు పడకుండా పక్కలు మాత్రం తిప్పాను. ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుందని అత్తయ్య ఫోన్లో అందరికీ చెప్పుకుంది.

ఐదో నెలలో నా సెలవు పొడిగించమని ఆయన మళ్ళీ ఫోన్ చేశాడట. డైరెక్టరు ఈసారి నన్నడిగింది. సోమవారం వస్తానన్నాను.

సోమవారం నేను బ్యాగు తగిలించుకుంటుంటే "ఎక్కడికే? ఆగు," అంటూ లేచి, కాళ్ళు కిందికి దించి, నన్ను పట్టుకోబోయాడు. ఒక్క అడుగు వేశాడు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. నేల మీద పడి, మంచం కోడు పట్టుకుని అన్నాడు.

"నీకు తెలుసు. ఇలా అవుతుందని నీకు తెలుసు."

"చెప్పాను కదండీ," అన్నాను. "నెల రోజులు చెప్పాను."

అంబులెన్సుకి ఫోన్ చేసి, అడ్రసు రెండుసార్లు స్పష్టంగా చెప్పి, బస్సుకి బయల్దేరాను.