ఊరికే ఈదిన రోజు

ఆదెన్న నీళ్లలో దిగాడంటే ఎవరో పోయినట్టే. గార్లదిన్నె చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే అది. బావుల్లో పడినవాళ్లనీ, డ్యాములో మునిగినవాళ్లనీ ఇరవై ఏళ్లుగా పైకి తెస్తున్నది అతనే. కబురు రాగానే వెళ్లేవాడు, మునిగేవాడు, వెదికేవాడు. ఒడ్డున ఏడుపులు మొదలయ్యాక తలవంచుకుని పక్కకు తప్పుకునేవాడు.

కరువేళ్లు గడిచి, 2005లో వానలు పడి డ్యాము నిండింది. ఆ ఏడు ఊరి యువకులు పందెం పెట్టారు. డ్యాములో అర కిలోమీటరు ఈత, అక్కడి నుంచి గార్లదిన్నె స్కూలు దాకా పరుగు. బామ్మర్ది ఓబుళేసు చెప్పాపెట్టకుండా ఆదెన్న పేరు రాయించి వచ్చాడు.

"నలభై నాలుగొచ్చినాయి నాకు. ఇంగ ఏం పరిగెత్తేదిరా?" అని విసుక్కున్నాడు ఆదెన్న.

"ఒక్కసారన్నా ఊరికే ఈదు బావా."

పందెం రోజు పొద్దున ఆదెన్న నిక్కరు వేసుకుని డ్యాము గట్టు మీదికి వచ్చాడు.

ఈల వేయగానే ఇరవై ముగ్గురు నీళ్లలోకి దూకారు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నా, ఆదెన్న చూపు మాత్రం అడుగుకే పోతోంది. కింద నాచు కదిలితే తలవెంట్రుకల్లా తోచి రెండుసార్లు ఆగిపోయాడు. 'ఎవరూ లేరు, ఈడ ఎవరూ లేరు' అని తనకు తానే చెప్పుకుని తల పైకెత్తాడు. అంతే, ఆ తర్వాత కిందికి చూడలేదు. మూడోవాడిగా ఒడ్డెక్కాడు.

రోడ్డు మీద అతని పని అయిపోయింది. తడిసిన నిక్కరు తొడల్ని ఒరుసుకుంది. కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే దాటిపోయారు. పక్క చేలో వేరుశనగ పీకుతున్న అక్కమ్మ అతన్ని చూసి, చేతిలో కట్ట వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చింది. మూడేళ్ల కిందట ఆమె మొగుణ్ని బావిలోంచి తీసింది ఆదెన్నే.

"ఎవరు పోయినారన్నా? ఎవరి బిడ్డ?"

ఆదెన్న మోకాళ్ల మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు.

"ఎవరూ పోలేదమ్మా... పందెం. ఈత పందెం."

ఆమె అతని తడి నిక్కరు వైపు, ముందు పరిగెత్తుతున్న పిల్లల వైపు చూసింది.

"పందెమా? నీకేమన్నా పిచ్చా అన్నా!" అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి ఈడ నిలబడితే ఎట్ల? పో, పో!"

కొంత నడిచి, కొంత పరిగెత్తి, అతను స్కూలు చేరేసరికి షామియానా విప్పుతున్నారు. ఓబుళేసు మజ్జిగ చెంబు అందించాడు.

"ఇరవై ఒకటోవాడివి బావా."

"నా వెనక ఎవరన్నా ఉండారా?"

"ఇద్దరుండారు. ట్రాక్టరెక్కి వస్తాండారు."

నవ్వడానికి కూడా ఓపిక లేదు ఆదెన్నకు. మజ్జిగ సగం తాగి, చెంబు ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని అక్కడే నిద్రపోయాడు. కుర్చీలన్నీ ఎత్తేదాకా ఓబుళేసు అతన్ని లేపలేదు.