తుప్పు లేని బండి

నమ్మి చెడినవాళ్లు లేరని పెద్దలు అంటారు గానీ, ఆ పెద్దలెవరూ పాత కార్లు కొన్నవాళ్లు కారని అజ్మల్ గట్టి అభిప్రాయం. ఖమ్మంలో మున్నేటి పక్కన అతనికి టింకరింగ్ షెడ్డు ఉంది. సొట్టలు తీయడం, తుప్పు తిన్న చోట రేకు కోసేసి కొత్త రేకు అతికించడం అతని పని. జనం రంగు కింద దాచిన అబద్ధాలను గీకి గీకి చివరికి అతనికొక జబ్బు పట్టుకుంది. ఎవరైనా చల్లగా నవ్వితే, ఆ నవ్వు కింద ఎంత పుట్టీ ఉందో అని చూస్తాడు. మార్కెట్లో సొరకాయను కూడా వేలితో కొట్టి చప్పుడు వినందే కొనడు.

అలాంటి మనిషికి ఒక కారు మీద మనసు పడటమే విడ్డూరం. ఎర్రటి పాతకాలపు విదేశీ ఎంజీ, రెండే సీట్లు, నెత్తిన గుడ్డ కప్పు. చిన్నప్పుడు వైరా రోడ్డు మీద అది దూసుకుపోతుంటే బడి ఎగ్గొట్టి వెనకాల పరిగెత్తాడు. బూర్గంపాడు దగ్గర ఒక పొగాకు రైతుదని అప్పుడే కనుక్కున్నాడు. ఇన్నేళ్లకు అది అమ్మకానికి వచ్చింది. కొనాలంటే ఇల్లు కట్టుకుందామని తీసుకున్న ప్లాటు అమ్మాలి, ఆ ప్లాటేమో భార్య నజియా పేరు మీద ఉంది.

నజియా కొన్నాళ్లు మూతి ముడుచుకుంది. తర్వాత తనే దిగొచ్చింది.

"ఆ బండి మీద మీకెంత పిచ్చో నాకెరుకనే. తెచ్చుకోండి, నేనేం అడ్డం రాను. కానీ దాని కడుపుల ఏమున్నదో ఉన్నదున్నట్టు నాకు చెప్పాలె. నాతోని అబద్ధమాడిండ్రో, కాయిదం మీద సంతకం పెట్ట. ఎరుకేగా నా సంగతి!"

ఎరుకే. మున్నేరు పొంగిన నాడు సొంత ఫ్రిజ్జునూ టీవీనీ నీళ్లకు వదిలేసి, పక్కింటివాళ్ల మేకలను డాబా మీదికి తరిమిన మనిషి ఆమె. ఒక మాట అన్నదంటే అన్నదే.

అందుకే అజ్మల్ ఆ రోజు గోదావరి ఒడ్డు పల్లెకు పోయింది కారు కొనడానికి కాదు, తప్పు పట్టడానికి. బేరానికి ముందు తప్పు పట్టుకుంటే మంచిది, తర్వాత పట్టుకుంటే ఖర్మ.

రైతు పేరు వెంకటనారాయణ. తండ్రి నాడు కృష్ణా జిల్లా నుంచి పొగాకు వేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మనిషి మర్యాదస్తుడు, మరీ మర్యాదస్తుడు. అడగకముందే ధర తగ్గించాడు. "నచ్చినట్టు చూసుకో బాబూ, గీకి చూడు, పొడిచి చూడు," అన్నాడు. అమ్మేవాడు అలా అంటే అజ్మల్‌కు ఒంటి మీద చీమలు పాకినట్టు ఉంటుంది. అయ్యా, ఉత్త పుణ్యానికి ఎవడైనా ధర తగ్గిస్తాడా?

వెంకటనారాయణ భార్య పున్నమ్మ టీ తెచ్చింది. పాలు లేని నల్ల టీ. అజ్మల్ గ్లాసు చేత్తో పట్టుకుని పెరట్లోకి చూశాడు. పొడుగాటి గొడ్ల కొట్టం ఉంది, గుంజలున్నాయి, గుంజలకు తాళ్లున్నాయి. గొడ్డు మాత్రం ఒక్కటీ లేదు. ఇంత కొట్టం పెట్టుకుని టీలో పాలచుక్క లేకపోవడమేమిటి? పిసినారులా, లేక అంతా ఊడ్చి అమ్ముకుని పోయే ఆలోచనలో ఉన్నారా? అది కూడా మనసులో ఒక మూల పెట్టుకున్నాడు.

కారు పొగాకు కాల్చే బ్యారన్ గదిలో ఉంది. ఆకు కాల్చడం మానేసి చాలా ఏళ్లయినా, ముగ్గురు మనుషుల ఎత్తున్న ఆ గదిలో పొగాకు వాసన పోలేదు. దుమ్ము కొట్టుకుని, టైర్లు చచ్చి, ఇటుకల మీద కూర్చున్న ఎర్ర కారును చూడగానే అజ్మల్‌కు గుండె ఝల్లుమంది. వెంటనే తనను తాను తిట్టుకున్నాడు. ఆశపడ్డ కన్ను తుప్పును చూడదు.

జేబురుమాలులో చుట్టిన అయస్కాంతం తీసి తలుపుల కింది అంచున పెట్టాడు. రేకు బదులు పుట్టీ ఉంటే అది జారి పడాలి. పడలేదు, చప్పున అంటుకుంది. చక్రాల పైన, దీపాల చుట్టూ, డిక్కీ మూలల్లో, పెట్టిన ప్రతిచోటా అంటుకుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే గంటలా ఖంగుమంది. సీట్ల కింద చాప లేపి చూస్తే కింది రేకు నిక్షేపంగా ఉంది. గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు. తలుపు కింది గుమ్మం రేకు లోపలి గుల్లలోకి తీగ దూర్చి తిప్పి లాగితే, సాలెగూడూ ఇంత పొగాకు పొడీ వచ్చాయి.

బయటికి వచ్చి ఒళ్లు దులుపుకున్నాడు. సంతోషించాల్సింది పోయి అతనికి భయం వేసింది. పైన పటారం, లోన లొటారం అయితే అతనికి అలవాటే. పైనా లోపలా ఒకేలా ఉన్న పాత బండిని అతను ఇంతవరకూ చూడలేదు.

అప్పుడు కంటబడింది గోడ మీది గీత. తల కన్నా మూరెడు ఎత్తున తారుతో గీసి, పక్కన 2022 అని రాసి ఉంది.

"పెద్దాయనా, ఈ గీత ఏంది?"

"వరద గీత బాబూ. ఇక్కడ అందరూ గీసుకుంటారు. ఆ ఏడు గోదారి అక్కడిదాకా వచ్చింది."

అజ్మల్ గీతను చూశాడు, బండిని చూశాడు. గోదావరి ఒక్కసారి మింగి కక్కిన బండి ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఎన్ని కడుగులు కడిగినా ఏ సందులోనో ఒండ్రు మిగులుతుంది, రేకు లోపలి నుంచి పుచ్చుతుంది. ఇక్కడ చిటికెడు మన్ను లేదు.

"మరి బండి మునగలేదా?"

"బండి ఇక్కడుంటేగా! ఊళ్లోకి నీళ్లొచ్చిన రోజే లారీకెక్కించి ఖమ్మం పంపేశాను." అప్పజెప్పినట్టు గబగబా అనేశాడు వెంకటనారాయణ. అక్కడే ఉన్న పున్నమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని తల వంచుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

దొరికాడు! గోదారి ఈ ఊళ్లను ముంచిన ఆ రోజు అజ్మల్‌కు బాగా గుర్తు. నజియా అక్క అనీసా భద్రాచలంలో చిక్కుకుపోయిందని మొగుడూ పెళ్లాలు బయల్దేరితే, పాల్వంచ దగ్గరే ఆపేశారు. ఈ ఊరికీ ఖమ్మానికీ అదే దారి. ముందంతా నీళ్లు, బస్సు లేదు, లారీ లేదు. నజియా రోడ్డు పక్కన కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చింది. ఆ రోజు ఇటునుంచి ఖమ్మానికి లారీ వచ్చిందంటే అది ఆకాశంలో ఎగిరి రావాలి.

మరి ఏం దాస్తున్నాడు? అజ్మల్ మళ్లీ బండి కిందికి దూరాడు. ఈసారి తుప్పు వెతకలేదు, అబద్ధం వెతికాడు. నాలుగు మూలలా చట్రానికి ఒకే తీరు రాపిడి గుర్తులున్నాయి, లావు గొలుసు ఒరుసుకున్నట్టు. వెల్లకిలా పడుకునే తల బయటికి పెట్టి పైకి చూశాడు. కప్పు కింద ఇనుప గడ్డర్, దానికీ అలాంటి ఒరుపే ఉంది.

"పెద్దాయనా, నీ బండి లారీ ఎక్కలే. గాలిలకు లేసింది. గొలుసేసి ఆ గడ్డర్‌కు గుంజినవ్. అవ్ కదా?"

వెంకటనారాయణ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మరుక్షణం అంతెత్తున లేచాడు. "కారు కొనడానికొచ్చావా, పోలీసు ఎంక్వైరీకొచ్చావా? ఇష్టమైతే కొను, లేకపోతే నీ దారి నువ్వు చూసుకో!" కండువా విదిలించుకుని చేను వైపు వెళ్లిపోయాడు.

అజ్మల్‌కు ఏమీ అంతుబట్టలేదు. ఇంత కారును వరదకు అందకుండా లేపినవాడు ఊరూరా చెప్పుకుని మురిసిపోవాలి. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం దేనికి?

"బోరు మోటారు తీసే చైన్ పుల్లీ బాబూ అది," అంది పున్నమ్మ బ్యారన్ గుమ్మంలోంచి. "దాంతోనే లాగాడు."

"గది చెప్తే ఏమైతదమ్మా? శభాష్ అంటరు గదా!"

"కొట్టం చూశావుగా." ఆమె గుమ్మం మెట్టు మీదే కూర్చుంది. "నన్ను ట్రాక్టరెక్కించి, గేదెల్ని విప్పేసి నీ వెనకే వస్తానన్నాడు. నేను నమ్మాను. నీళ్లు అప్పటికి మోకాళ్ల దాకేనట. ముందు బండి లాగేసి తర్వాత విప్పుదాంలే అనుకున్నాడట. బండి పైకి వెళ్లేసరికి నీళ్లు రొమ్ముల దాకా వచ్చేశాయి. తడిసి బిగిసిన పలుపు ముడి ఊడుతుందా? కత్తన్నా లేదు చేతిలో. అవి మునిగిపోతూ అరుస్తుంటే ఆ బ్యారన్ దూలం మీద కూర్చుని విన్నాడు. ఒక్కసారే చెప్పాడు నాకు, మళ్లీ ఎత్తలేదు."

అజ్మల్ అయస్కాంతాన్ని మళ్లీ జేబురుమాలులో చుట్టేశాడు. అప్పటిదాకా ఎంత తెలివిగా పట్టుకున్నానో అని లోలోపల మురిసిపోతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"దూడలప్పుడు సీసాతో పాలు పట్టి పెంచాను వాటిని. అప్పట్నుంచి ఈ ఇంట్లోకి పాలు రానివ్వలేదు. ఆ బండికి ఎక్కడన్నా రవ్వంత తుప్పు పట్టినా నాకు కాస్త ఊరటగా ఉండేది బాబూ! పట్టి చావదే!" ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "తీసుకెళ్లు నాయనా. నా కళ్ల ముందు నుంచి తీసుకెళ్లు. ఇదివరకు ఇద్దరికి నిజం చెప్పాను. ఉసురు తగులుతుందని వెనక్కి పోయారు. అందుకే ఆయన లారీ అంటాడు, నేను ఊరుకుంటాను."

అంతా విన్నాక కూడా అజ్మల్ చెయ్యి ఆ ఎర్ర రేకు మీదే ఉంది. జాలి నిజమే, ఆశ కూడా నిజమే. ఇంత గట్టి చట్రం అతనికి ఈ జన్మలో మళ్లీ దొరకదు. పైగా తీసుకుపోతే ఈ తల్లికి పుణ్యం. ఆ మాట తనకు తాను రెండుసార్లు చెప్పుకుని, వేపచెట్టు నీడకు పోయి నజియాకు ఫోన్ చేశాడు.

"చూసిండ్రా? తుప్పున్నదా?"

"ఇంత గూడ లేదు నజియా. కడిగిన ముత్యం."

"అల్లా! గోదారి ఒడ్డున ఉండి తుప్పు పట్టకపోవుడేంది? ఆ పెద్ద వరదకు మునగలేదా?"

బర్రెల మాట చెప్తే ఈమె సంతకం పెట్టదు. పక్కింటి మేకలను డాబా ఎక్కించిన మనిషి ఆ బండిని గడప తొక్కనివ్వదు. చెప్పాలనే నోరు తెరిచాడు. నోటికి అందుబాటులో ఉన్న మాట బయటికి వచ్చేసింది.

"లేదు... ఊళ్లెకు నీళ్లొచ్చిన రోజే లారీ ఎక్కించి ఖమ్మం పంపిండ్రంట."

అవతల కుక్కర్ ఈల వేసింది.

"ఆ రోజు మనం పాల్వంచ కాడ రోడ్డు మీద కూసున్నం గదా జీ," అంది నజియా మెల్లగా. "మనల్ని ఆపిన నీళ్లు ఆ లారీని ఎట్ల పోనిచ్చినయ్?"

ఇందాక వెంకటనారాయణ ముఖంలో తాను పట్టుకున్నది ఇప్పుడు తన ముఖంలో ఉందని అజ్మల్‌కు తెలుసు.

"ప్లాటు కాయిదం ముందల్నే పెట్టుకున్న. పెన్ను చేతిల్నే ఉన్నది," అంది నజియా. "చెప్పండి."