డాక్టరుగారి చెవులు

బాపట్ల నుంచి అంబులెన్సులో వచ్చిన మనిషిని చూడగానే ఖతీజా కడుపు చల్లబడింది. వెంకట్రామయ్య. ఒకప్పుడు తెనాలిలోని ఈ ఆసుపత్రికే పెద్ద డాక్టరు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, ఇప్పుడు ఆమె నర్సుగా ఉన్న ఐసీయూలోనే, ఆమె చేతికిందే పడ్డాడు. దేవుడున్నాడనుకుంది.

ఆమె తండ్రి అబ్దుల్ వహాబ్ రేపల్లె మసీదులో నమాజుకు పిలిచే అజాన్ ఇచ్చేవాడు. కొన్నేళ్ల కిందట జబ్బుచేసి ఇదే ఐసీయూలో ఉన్నప్పుడు, ఒక ఇంజెక్షన్ మొదలుపెట్టాక చెవుల్లో ఈల వేస్తోందని మొత్తుకున్నాడు. మందు వికటిస్తోందేమోనని, అప్పుడే అక్కడ నర్సుగా చేరిన ఖతీజా భయంభయంగా అడిగితే, వెంకట్రామయ్య అందరి ముందూ నవ్వాడు.

"జ్వరంలో ఏదో ఒకటి వాగుతారమ్మా. నువ్వు సూది వెయ్యి."

ఆమె వేసింది. తండ్రి ప్రాణం నిలిచింది, వినికిడి పోయింది. అయినా ఆయన అజాన్ మానలేదు. ఆ రంజాన్‌లో ఒక సాయంత్రం మైకు ఆగిపోయింది. ఆయనకు తెలియలేదు. అలవాటు చొప్పున చెవుల్లో వేళ్లు పెట్టుకుని గొంతెత్తాడు. ఆ చెవుల్లో మూయడానికి ఏం మిగిలిందని! వీధిలో జనం అజాన్ వినపడక ఖర్జూరాలు చేత్తో పట్టుకుని, ఉపవాసం విడవకుండా ఎదురుచూస్తూ కూర్చున్నారు. మర్నాడు కమిటీవాళ్లు ఇంకొకరిని పెట్టుకున్నారు.

వెంకట్రామయ్యకూ అదే ఇంజెక్షన్ రాశారు. మందు పడుతోందో లేదో రోజూ రోగిని అడగడం ఇప్పుడు ఐసీయూలో పద్ధతి. ఒక పొద్దున ఖతీజా సిరంజి నింపుకుని వచ్చి అడిగింది.

"చెవుల్లో ఈల వేస్తోంది సిస్టర్," అన్నాడాయన నీరసంగా.

ఆ మాట కోసం ఎన్నాళ్లు కలగన్నదో. వంగి నెమ్మదిగా చెప్పింది. "జ్వరంలో ఏదో ఒకటి వాగుతారు సార్. నేను రేపల్లె అబ్దుల్ వహాబ్ కూతుర్ని."

"ఆయనెవరమ్మా?"

ఖతీజా ఒళ్లు మండిపోయింది. భయపడతాడనుకుంది, బతిమాలతాడనుకుంది. పెద్దమనిషికి గుర్తే లేదు. ఈ సూది వేస్తే ఇక ఎవరేం తిట్టినా వినపడదు, హాయిగా బతికేస్తాడు. అంత సుఖం ఇతనికెందుకు?

సిరంజి పక్కన పెట్టేసి డ్యూటీ డాక్టరు ఝాన్సీలక్ష్మిని పిలిచింది. "మేడమ్, ఈయనకి చెవుల్లో ఈల మొదలైందండి. ఈ మందు ఆపెయ్యండి."

ఝాన్సీలక్ష్మి వెంటనే మందు మార్చింది. "ఆయన చెవులు కాపాడావమ్మా," అంది.

"కాపాడాలండి. వాటితో పనుంది."

కొత్త మందుతో జ్వరం దిగింది, ఈలా తగ్గింది. ఒకరోజు బంధువులు రోగుల్ని చూసే వేళకి ఖతీజా తండ్రిని రేపల్లె రైల్లో రప్పించి, ఆ మంచం పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టింది. చెవిటి మనిషి గొంతు ఐసీయూ అంతా మోగింది.

"సార్, నేను అజాన్ ఇచ్చేవోణ్ణండి. ఆ ఇంజెక్షనుతో నా చెవులు పోయినయ్యండి."

పక్క మంచాలవాళ్లు తల తిప్పి చూశారు. వెంకట్రామయ్య ఖతీజా వైపు తిరిగాడు. "కొంచెం మెల్లగా చెప్పమనమ్మా."

"ఆయనకి వినపడదు కదా సార్. మీకు వినపడుతోంది."

అబ్దుల్ వహాబ్ ఆ రంజాన్ సాయంత్రం సంగతి మొదటినుంచీ అందుకున్నాడు. వెంకట్రామయ్య చెయ్యెత్తి చెవి మూసుకోబోయాడు. ఖతీజా ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కమీదికి దించింది.

"సెలైన్ ఎక్కుతోంది సార్, చెయ్యి కదపకూడదు," అంది. "నాన్న రేపు కూడా వస్తాడండి."