వెనక పిలుపు

కిందటేడు మే ఎనిమిదో తేదీ, గురువారం. పొద్దున్నే వేడన్నంలో కొత్త ఆవకాయ కలుపుకుని తిన్నాం. ముక్క ఇంకా ఊరలేదు, ఆవఘాటు ముక్కుకెక్కుతోంది. అయినా మా అబ్బాయి కోటి, "ఊరేదాకా నేనుండను కదా" అంటూ మళ్ళీ వేయించుకున్నాడు.

వాడు సైన్యంలో పనిచేస్తాడు. వరి కోతలకని సెలవు మీద, కర్ణాటకలో మేం స్థిరపడ్డ గోరేబాళ వచ్చాడు. ఇంతలో సరిహద్దులో దాడులు మొదలయ్యాయి, వెంటనే వచ్చి చేరమని కబురొచ్చింది. టీవీలో ఒకాయన గెలిచేశామంటున్నాడు, ఇంకొకాయన సైరన్ మోగిస్తున్నాడు.

"ఏది నిజం రా?" అని అడిగాను.

"నాకేం తెలుసు నాన్నా? నేనూ ఇక్కడే కూచుని ఆవకాయ తింటున్నాగా!"

"వెళ్ళొస్తా" అని వాడు సింధనూరు బస్టాండుకి ఆటో ఎక్కాడు. అప్పుడు చూశాను, టీవీ పక్కన వాడి పర్సు. అందులోనే గుర్తింపు కార్డు. అది లేకపోతే యూనిట్ గేటు దాటనివ్వరు.

నోరు తెరిచాను. కోడలు పావని చటుక్కున చెయ్యి అడ్డంపెట్టింది. "వద్దు మామయ్యా! వెనక నుంచి పిలవకండి!"

బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదన్నది మా ఆవిడ శ్యామల పట్టింపు. ఆమె ఉన్నన్నాళ్ళూ నవ్వేవాణ్ణి. ఆమె పోయాక, యుద్ధానికి పోయే కొడుకు విషయంలో నవ్వు రాలేదు. ఆటో మలుపు తిరిగింది.

"పోనీ, ఫోన్ చేస్తాను."

"ఫోన్ చేసినా వెనక్కి పిలిచినట్టే కదా?"

అవునో కాదో తేల్చుకోలేకపోయాను. కాలేజీలో చదివిందేదీ అక్కరకు రాలేదు. ఫోను జేబులో పెట్టుకుని, పర్సు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను.

పక్క పొలం ఈరన్న బండాపాడు. "ఏంది పున్నన్నా, గిట్ల ఉరుకుతున్నరు?"

సంగతి చెప్పాను. మారుమాట లేకుండా ఎక్కించుకున్నాడు. బస్సుకు ఎదురుగా వెళ్ళి నిలబడితే పిలవక్కర్లేదని దారి పొడవునా అనుకుంటూనే ఉన్నాను.

సింధనూరు బస్టాండులోకి మేం వెళ్ళేసరికి రాయచూరు బస్సు కదులుతోంది. కోటి మెట్టు మీద ఉన్నాడు, వీపు మావైపు. బస్సు వేగం అందుకుంటోంది. నేను పిలుపు మింగుతున్నాను, మళ్ళీ నోరు తెరుస్తున్నాను.

"ఏ కోటీ! నిల్లప్పా!" అని కన్నడంలో అరిచాడు ఈరన్న.

వాడు వెనక్కి తిరిగాడు. బస్సు ఆగింది. పర్సు చూసి జేబు తడుముకున్నాడు, మొహం పాలిపోయింది.

"ఫోన్ చేస్తే ఇక్కడే ఆగేవాణ్ణిగా నాన్నా!"

"వెనక్కి పిలవకూడదని..."

"మా సుబేదారు రోజూ వెనక నుంచే పిలుస్తాడు. వంద కేకలు. ఏమైందిప్పుడు?" అని నవ్వి, నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. కండక్టరు విజిల్ వెయ్యలేదు. వాడు ఎక్కాక తన సీటు చూపించి కూర్చోమన్నాడు.

తిరిగొస్తూ ఈరన్నని అడిగాను. "నువ్వు పిలిచావు కదా, మరి..."

"నేను కన్నడల పిలిస్తి. మీ ఆంధ్రోళ్ళ శాస్త్రానికి దాంతోటి ఏం పని?"

ధైర్యం చెప్పాడో, ఎగతాళి చేశాడో అర్థం కాలేదు. శ్యామల ఉంటే ఏమనేదోనని ఆలోచించాను. అదీ తేలలేదు.

చీకటి పడ్డాక కోటి మెసేజ్ పెట్టాడు. రైలెక్కాడట, ఇక కొన్నాళ్ళు ఫోన్ ఉండదట. పావని రెండుసార్లు చదివింది.

"ఎదురుగా వెళ్ళే ఇచ్చారా మామయ్యా? వెనక నుంచి పిలవలేదు కదా?"

"నేను పిలవలేదమ్మా."

నిజమే చెప్పాను. నిజం చెప్పినట్టు మాత్రం అనిపించలేదు. ఇంకేమైనా అడుగుతుందేమో అనుకున్నాను.

"సరే, పడుకోండి" అని, గడియ చప్పుడు కాకుండా వీధి తలుపు వేసింది.